బట్టీకి సెలవు

మా ఇంట్లో ఎవరైనా ఊరు వెళ్ళాలంటే ముందు బట్టీని అడగాలి.

ఇది వేళాకోళం కాదు. మాది బేకరీ. వీధి వైపు దుకాణం, దాని వెనక పిండి కలిపే గది, ఆ వెనక ఇటుకలతో కట్టిన గదంత పొయ్యి. దాన్నే మేం బట్టీ అంటాం. మా మామగారు దగ్గరుండి కట్టించారు. రాత్రి పడుకోబోయే ముందు ఇన్ని కట్టెలు లోపలికి తోసి ఇనప తలుపు మూసేస్తే, మేం చీకటితో లేచేసరికి లోపల వేడి మా కోసం కాచుకుని ఉంటుంది. మనుషులు అలిగినా పరవాలేదు కానీ అది చల్లారకూడదు. ఒకసారి చల్లారిందంటే మళ్ళీ రోజుల తరబడి కొంచెం కొంచెంగా మంట పెట్టి దాన్ని దారికి తెచ్చుకోవాలి. తొందరపడితే ఇటుకలు పగులుతాయి. అందుకని ఎవరు ఎక్కడికి వెళ్ళినా ఒకరిద్దరు బట్టీ దగ్గర ఉండి తీరాలన్నది మా ఇంటి చట్టం.

నేను కోడలిగా అడుగుపెట్టేసరికే ఆ చట్టం అమల్లో ఉంది. పెళ్ళిళ్ళకైనా, పురుళ్ళకైనా వంతులేసుకునే వెళ్ళేవాళ్ళం. మా ఆయనా నేనూ పక్కపక్కన నిలబడి ఉన్న ఫొటో మా పెళ్ళిది తప్ప ఇంకోటి లేదు. మా అమ్మాయి పెళ్ళి కూడా పక్క సందులోనే చేశాం. అందరూ అక్షింతలు పట్టుకుని నిలబడి ఉంటే మా ఆయన మధ్యలో మాయమై, కట్టె వేసి, పట్టు కండువాకి మసి పూసుకుని తిరిగొచ్చారు.

అమ్మాయి ఒక్కతే మాకు. పుట్టినప్పుడు ఆ బుగ్గలు చూసి వాళ్ళ నాన్న బన్ను అన్నారు. అదే ఖాయమైపోయింది. ఇప్పుడది రాత్రంతా రైల్లో కూర్చుంటే వచ్చే ఊళ్ళో, మంచినీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. అల్లుడుగారు పళ్ళ డాక్టరు. రస్కులమ్మే ఇంటికి పళ్ళ డాక్టరు అల్లుడా, ఇంక మీ రెండు వ్యాపారాలకీ ఢోకా లేదు అని పెళ్ళిలో అందరూ నవ్వారు.

ఆ ఎండాకాలం మొదట్లో బన్ను ఫోన్ చేసింది.

"అమ్మా, ఈసారి మీరు ముగ్గురూ మా ఇంటికి రావాలి."

"వస్తాంలేవే. ముందు నేనొచ్చి వెళ్తాను. నేను తిరిగొచ్చాక నాన్న. నానమ్మ సంగతి తర్వాత చూద్దాం."

"అలా కాదు. ముగ్గురూ ఒకేసారి."

"మరి బట్టీ?"

"దాన్ని కూడా తీసుకురండి. చోటు చూస్తాను."

నవ్వుతూనే అంది. తర్వాత నవ్వు ఆపింది. "వంతులేసుకుని ఐతే మాత్రం వద్దమ్మా. నిజంగానే చెప్తున్నాను. వస్తే ముగ్గురూ రండి, లేకపోతే వద్దు."

"ఎందుకే అంత పట్టుదల?"

"వచ్చాక చెప్తా."

బన్ను చిన్నప్పుడు కూడా ఏదీ అడిగి ఎరుగదు. మాతోపాటే చీకటితో లేచేది. ఎవరూ లేపక్కర్లేదు. మొదటి వాయి బట్టీలోకి వెళ్ళాక, అది పొంగి రంగు తిరిగేలోపల నలుగురం బట్టీ ముందు కూర్చుని టీ తాగేవాళ్ళం. పిండి బస్తా మీద మా అత్తగారు, ఆవిడ భుజానికి ఆనుకుని ఇది. మా ఇంట్లో కబుర్లు, పోట్లాటలు, రాజీలు అన్నీ ఆ కాసేపట్లోనే. తెల్లారాక ఇంక ఎవరి పని వాళ్ళదే. అలాంటి పిల్ల నోరు తెరిచి ఒకటి అడిగితే కాదనడం ఎలా? నేను ఆ పూటే నిశ్చయించుకున్నాను, ఆరు నూరైనా ముగ్గురం వెళ్ళాల్సిందేనని.

మా ఆయనకి చెప్పాను. ఆయన వెంటనే ఉత్సాహపడిపోయారు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. ఆయన ప్లాన్లు వేయడంలో దిట్ట. అమలు చేయడానికి మాత్రం ఇంకో జన్మ ఎత్తాలి.

"దీనికింత ఆలోచన ఎందుకే? మనం వచ్చేదాకా బట్టీని చూసుకునే మనిషి ఒకడు కావాలి, అంతేగా. నిప్పుతో అలవాటున్న వాడైతే చాలు."

మా వీధిలో మేం కాక నిప్పుతో అలవాటున్న మనిషి ఒక్కరే, ఇస్త్రీ బాబాయి. బొగ్గుల పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేస్తాడు. వీధి మొత్తానికి ఆయన బాబాయే. మా ఆయన వెళ్ళి అడిగేసరికి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"చిన్నప్పట్నుంచీ నిప్పుతోనే కాపరం చేస్తున్నానయ్యా. మీ బట్టీ నాకో లెక్కా? పెద్ద ఇస్త్రీ పెట్టె అనుకుంటాను."

ముందొక రోజు పరీక్ష పెడదామన్నారు మా ఆయన. బన్నులు అచ్చుల్లో పెట్టి, బట్టీ ఒప్పగించి, మేం కావాలనే బయట అరుగు మీద కూర్చున్నాం. బాబాయి లోపల చాలా హడావుడి చేశాడు. కట్టెలు వేసిన చప్పుడు, దగ్గు, ఇంకా కట్టెలు వేసిన చప్పుడు. తర్వాత చప్పుడు ఆగిపోయింది. బాగానే కుదురుకున్నాడు అనుకున్నాం. కాసేపటికి వాసన వచ్చింది. పరిగెత్తి చూస్తే బాబాయి పిండి బస్తాల మీద కాళ్ళు చాపుకుని గుర్రు పెడుతున్నాడు. బన్నులు బొగ్గులైపోయాయి.

"వెచ్చగా ఉందయ్యా. ఎలా నిద్ర పట్టిందో తెలీలేదు," అన్నాడు లేచి, మొహం నిండా పిండితో. "ఇస్త్రీ అంటే నిలబడి చేసే పని కదా. మీరు కూర్చోబెట్టారు. అక్కడే వచ్చింది తేడా."

మేం నవ్వలేక చచ్చాం. మా అత్తగారు మాట్లాడటం తక్కువ. ఆ మాడిన బన్నుల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తూ కూర్చున్నారు. మా ఆయన వైపు చూస్తే ఆయన మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోతోంది.

"చూశావుగా? ఎవరివల్లా అయ్యే పని కాదు. నేను ప్రయత్నం చేయలేదని మాత్రం అనకు."

ఆ రోజంతా ఓపిక పట్టాను. సాయంత్రం దుకాణంలో రద్దీ తగ్గాక ఇంక ఆగలేదు.

"మీకు వెళ్ళాలని లేదు," అన్నాను.

"ఎందుకుండదే? నా కూతురింటికి నాకు వెళ్ళాలని ఉండదా?"

"ఉంటే మాడిన బన్నులు చూసి మొహం అలా ఎందుకు వెలిగిపోయింది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన గబగబా మొహం తుడుచుకున్నారు. అద్దాల బీరువాలో సరిగ్గా ఉన్న రస్కుల సీసాల్ని మళ్ళీ సర్దారు. తర్వాత గొంతు తగ్గించారు.

"నాదేముందే? అమ్మ ఒప్పుకోవాలిగా. నాన్న కట్టించిన బట్టీ. నాన్న పోయిన రోజున కూడా ఆర్పడానికి వీల్లేదని కూర్చుంది. ఇప్పుడు కూతుర్ని చూసొస్తాం, బట్టీ ఆర్పెయ్యి అని ఏ మొహం పెట్టుకుని అడగను?"

అది నిజమే. ఆ రోజు ఆవిడ ఏడుస్తూనే వెళ్ళి కట్టె వేసి వచ్చారు. అడుగుదామని ఆ తర్వాత ఎన్నోసార్లు ఆవిడ పక్కన కూర్చున్నాను. కూర్చుని, పిండి జల్లెడ పట్టుకుని, లేచి వచ్చేసేదాన్ని. పులికి ఎదురెళ్ళమన్నా వెళ్తాను కానీ ఆవిడతో ఆ మాట అనడం నా వల్ల కాలేదు.

ఎండలు ముదిరాయి. బ్రెడ్డు అమ్మకం తగ్గింది. ఆ వేడిలో ఎవరు తింటారు? వెళ్ళడానికి అంతకంటే మంచి అదను ఉండదు. అదీ చేజారిపోతోంది. ఇటు బన్ను అడుగుతోంది, అటు బట్టీ కదలనివ్వడం లేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎటూ తేల్చుకోలేక ఒకనాటి మధ్యాహ్నం, ఇంక దాచి లాభం లేదని బన్నుకి నేనే ఫోన్ చేశాను.

"బన్నూ, ఈసారికి నేనొక్కదాన్నే వస్తానే. నాన్న వానలయ్యాక వస్తారు. నానమ్మ సంగతి నీకు తెలిసిందేగా."

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"సరేలే అమ్మా," అంది. "పన్లో ఉంటారు. పోనీలే, వద్దులే. ఎందుకు నీకు మాత్రం ప్రయాణం."

"నేనొస్తానంటున్నాగా!"

"వద్దమ్మా. నేనే వీలు చూసుకుని వస్తాను."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. నాకు దుఃఖం వచ్చింది. ఎవరితో చెప్పుకోను? మా అత్తగారు ఆ పక్కనే కింద కూర్చుని రస్కుల పొట్లాలు కడుతున్నారు. దారం పళ్ళతో తెంచి, నా వైపు చూడకుండానే అడిగారు.

"ఏమంటోంది?"

"సరేలే అంటోంది అత్తయ్యా."

ఆవిడ ఇంకో పొట్లం తీసుకున్నారు. దాన్ని కట్టారు. మళ్ళీ విప్పి కట్టారు. అంతే.

మర్నాడు ఎప్పటిలాగే చీకటితో లేచాం. మొదటి వాయి లోపలికి వెళ్ళింది. ముగ్గురం టీ గ్లాసులతో బట్టీ ముందు కూర్చున్నాం. మా ఆయన లేచి, దొంతరలోంచి ఒక లావుపాటి కట్టె తీశారు.

"ఒరేయ్, అది కింద పెట్టు," అన్నారు అత్తగారు.

"చాలదమ్మా. ఇంకొకటి పడాలి."

"ఇవాళ్టి వాయికి ఉన్న వేడి చాలు. రేపటికి అక్కర్లేదు."

మా ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది కానీ నమ్మడానికి భయమేసింది. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"మీ అక్క మొదట్లో ఉన్న ఇల్లు ఎటు మొహమో నీకు గుర్తుందా?"

"తూర్పు. ముందు చిన్న వరండా ఉండేది. ఎందుకమ్మా ఇప్పుడు?"

"నువ్వు చూశావు. మీ నాన్న చూశాడు. వచ్చి చెప్పేవాళ్ళు, వరండా ఉంది, వెనకాల జామచెట్టుంది, అది రోజూ అక్కడే కూర్చుని తల దువ్వుకుంటుంది అని. నా వంతు వచ్చినప్పుడల్లా, నేను లేకపోతే బట్టీ ఏమైపోతుందోనని ఉండిపోయేదాన్ని. వచ్చే ఏడు చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం. ఈలోపల వాళ్ళు ఆ ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయారు. నా కూతురు పదేళ్ళు కాపరం చేసిన ఇల్లు నేను చూడలేదు." కొడుకు చేతిలో కట్టె వైపు చూశారు. "మనవరాలి ఇల్లు కూడా మీరు చెప్తే వినమంటావా?"

"నువ్వు ఒప్పుకోవనుకున్నానమ్మా."

"నన్నెవరైనా అడిగారా?"

మా ఆయన ఆ కట్టెని చేతుల్లో అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత వెనక్కి తీసుకెళ్ళి, దొంతరలో దాన్ని తీసిన చోటే పెట్టి, వచ్చి మళ్ళీ టీ గ్లాసు అందుకున్నారు. ఆ రోజు బ్రెడ్డు ఎప్పటిలాగే వచ్చింది. అమ్ముడుపోయింది.

బట్టీ చల్లారడం మా వీధికి ఎంత పెద్ద విషయమో మర్నాడు గానీ తెలియలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, మా పొగ రాకపోయేసరికి వీధిలో వాళ్ళకి గుండెలు జారిపోయాయి. ముందు పాలాయన వచ్చి, చెప్పులు బయట విడిచి, తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత ఎదురింటి టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఇస్త్రీ బాబాయి దుకాణమే కట్టేసి వచ్చాడు. నాకు విషయం బోధపడేలోపల మా అత్తగారు లోపల్నుంచి చీపురు పట్టుకుని బయటికొచ్చారు. బాబాయి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పెద్దమ్మా! మీరు... బాగానే ఉన్నారా?"

"ఏరా, నిరాశ పడ్డావా?"

అందరూ ఒక్కసారి నవ్వారు. టీచరమ్మ ఏడుస్తూనే నవ్వింది. వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు. బట్టీ తలుపు తీయించి, లోపల చెయ్యి పెట్టి, "అబ్బ, ఇంకా వేడిగానే ఉంది" అని, ఊరేగింపుకి వచ్చినట్టు ఒకరి వెనక ఒకరు చూసి వెళ్ళారు.

పూర్తిగా చల్లారాక మా ఆయన కొత్త పని పెట్టుకున్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ దాని ముందే బతికిన మనిషి, లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. టార్చి పట్టుకుని, బోర్లా పడుకుని, తలుపులోంచి పాకుతూ లోపలికి వెళ్ళిపోయారు. బయటికి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఎలా ఉందండీ?" అనడిగాను.

"పెద్దదే!" అన్నారు లోపల్నుంచి. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. "అమ్మా, నాన్న భలే కట్టించాడే!"

"ఆ సంగతి నాకు తెలీదా? బయటికి రా, దగ్గొస్తుంది."

మొహం, జుట్టు, కనుబొమలు అన్నీ మసి చేసుకుని వచ్చారు. చేతిలో గుప్పెడంత నల్లటి ముద్ద. బన్నులు బయటికి లాగే చెక్కపార అందని మూల ఇరుక్కుపోయిన బన్ను, ఏ కాలం నాటిదో, రాయిలా గట్టిపడిపోయింది. ఇది నువ్వు తీయకుండా వదిలేసిందే అని తల్లి, కాదు నాన్నదే అని కొడుకు కాసేపు వాదులాడుకున్నారు. నా మీదకి తోస్తారేమోనని నేను పెట్టెలు సర్దే నెపం మీద లోపలికి తప్పుకున్నాను.

అత్తగారి పెట్టె సర్దుదామని తీశాను. అది అప్పటికే సర్ది ఉంది. నాలుగు చీరలు, శాలువ, దువ్వెన, అన్నీ మడతల ప్రకారం. చీరల మధ్య వేసిన కలరా ఉండలు కరిగి కరిగి కందిగింజలంత అయిపోయాయి. ఎన్నాళ్ళ కింద సర్దుకున్నారో ఏమో. నేను చప్పుడు చేయకుండా మూత వేసేశాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో నవ్వు కూడా వచ్చింది.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. రైల్లో మా ఆయన కిటికీ పక్కన కూర్చుని, చీకటి పడేదాకా, మళ్ళీ తెల్లారాక, దారిలో ఎక్కడ పొగ కనిపించినా "ఎవరిదో బట్టీ" అన్నారు. ఇటుకల బట్టీని చూసీ అన్నారు, రైల్వే వాళ్ళు చెత్త తగలబెడుతుంటే చూసీ అన్నారు. అత్తగారు పెట్టెని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు. కింద పెట్టమంటే వినలేదు.

స్టేషన్లో బన్ను, అల్లుడుగారూ ఉన్నారు. ముందు మా ఆయన దిగారు. తర్వాత నేను దిగాను. బన్ను మమ్మల్ని చూస్తోంది కానీ చూపు మా వెనక తలుపు మీదే ఉంది. అత్తగారు పెట్టె చంకలో పెట్టుకుని, కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగారు. బన్ను అరవలేదు, పరిగెత్తలేదు. నానమ్మ దగ్గరికి వెళ్ళి, ఆవిడ భుజం మీద తల ఆనించి అలాగే ఉండిపోయింది. పోర్టర్లు మమ్మల్ని తప్పుకుని తప్పుకుని వెళ్ళారు.

వాళ్ళది మూడో అంతస్తులో చిన్న ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, వంటింటికి ఓ కిటికీ. అత్తగారు లోపలికి వెళ్ళకుండా ముందు గుమ్మం పట్టుకుని నిలబడి, ఆయాసం తీర్చుకుని, ఎండ ఎటు పడుతోందో చూశారు.

"ఉత్తరం మొహం," అన్నారు. తర్వాత లోపలికి వచ్చారు.

ఆ రోజంతా కబుర్లే. అల్లుడుగారు మేం తెచ్చిన రస్కు కొరికి, నా పనికి మీ రస్కులే పెట్టుబడి అత్తయ్యగారూ అన్నారు. నల్లటి ముద్ద కథ విని బన్ను పడీ పడీ నవ్వి, దాన్ని తీసుకెళ్ళి వంటింటి కిటికీలో పెట్టింది. ముగ్గురూ ఎందుకు రావాలో వచ్చాక చెప్తానంది కదా, అడిగాను. "చెప్తాలే, ముందు పడుకోండి" అంది. మాకు ముందు గదిలో పక్కలు వేశారు. ఎనిమిది కొట్టేసరికి మా వంశం మొత్తం ఆవలించింది. అల్లుడుగారు ఒక్కరే టీవీ ముందు మిగిలిపోయారు.

నాకు మెలకువ వచ్చేసరికి ఇంకా చీకటి. లేచి సగం చీర సర్దుకున్నాక గుర్తొచ్చింది, ఇక్కడ నాకు పనేమీ లేదని. మళ్ళీ పడుకున్నాను. నిద్ర వస్తేనా! పిండి కలపని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరినీ లేపకుండా వంటింట్లోకి వెళ్ళి కూర్చుందామని, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళాను. చీకట్లో మెత్తగా ఎవరికో తగిలాను.

"ఎవరూ?" అన్నారు మా ఆయన, దొంగలా.

"నేనేనండీ. మీరేంటి ఇక్కడ?"

"మంచినీళ్ళకి వచ్చా."

"అబద్ధం. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి."

ఆయన చేతులు చూసుకున్నారు. నిజంగానే మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఎప్పుడు మడిచారో ఆయనకే తెలీదు.

"మెల్లిగా మాట్లాడండి, అల్లుడుగారు లేస్తారు," అంది ఇంకో గొంతు కింద నుంచి. అత్తగారు. మా ఇద్దరికంటే ముందే వచ్చి గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నారు. ఆవిడ పక్కన ఇంకొకరు ఉన్నారు. కిటికీలోంచి వచ్చే మసక వెలుతుర్లో చూస్తే, మోకాళ్ళు ముడుచుకుని, చేతిలో టీ గ్లాసుతో బన్ను.

"నువ్వెందుకు లేచావే? మా చప్పుడికా?"

"లేదమ్మా. నేను రోజూ ఈ టైముకే లేస్తాను."

నేను వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను.

"పెళ్ళైతే పోతుందనుకున్నా. పోలేదు. పాపం ఈయన తోడు కూర్చుంటానని కొన్నాళ్ళు లేచారు. కూర్చునే నిద్రపోయేవారు. టీ ఒంపేసుకుంటున్నారని నేనే మాన్పించా. ఒక్కదాన్నే టీ పెట్టుకుని తెల్లారేదాకా ఇక్కడ కూర్చుంటా. ఇప్పుడు నాన్న పిండి ముద్దలు చేస్తూంటాడు, ఇప్పుడు నానమ్మ తలుపు తీసి చూస్తూంటుంది అనుకుంటూ." గ్లాసు కింద పెట్టింది. "మీలో ఒక్కళ్ళే వస్తే నన్ను చూసి పోవడానికి వచ్చినట్టుంటుందమ్మా. ముగ్గురూ వస్తే మనింట్లో తెల్లారినట్టుంటుంది. అందుకని."

మా ఆయన దాని ఎదురుగా చతికిలబడ్డారు. "ఇంతేనా? ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తే వచ్చేవాడివా నాన్నా?"

"ఇస్త్రీ బాబాయిని పంపేవాణ్ణి."

ఆ చీకట్లో నోళ్ళు మూసుకుని నలుగురం పగలబడి నవ్వాం. నవ్వు తగ్గాక నేను టీ పెట్టాను. అదే నలుగురం, అదే వేళ, ఎదురుగా బట్టీ మాత్రం లేదు. మా ఆయన ఖాళీగా ఉండలేక పిండి డబ్బా వైపు చెయ్యి చాపితే అత్తగారు ఆ చేతి మీద ఒక్కటి వేశారు. "కూర్చో. బట్టీకి సెలవిచ్చి నువ్వు పని చేస్తావా?"

కాసేపటికి కింద వీధిలో సైకిల్ గంట మోగింది. బ్రెడ్డు, బన్ను అని కేక. మా ముగ్గురి చెవులూ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. మా ఆయన లేచి, మెట్లు దిగి వెళ్ళి, వేడి బ్రెడ్డు కొనుక్కుని వచ్చారు. ఆయన జన్మలో బ్రెడ్డు కొనడం అదే మొదలు. విరిచి వాసన చూశారు, వేలితో నొక్కి చూశారు, వెలుతురుకి ఎత్తి పట్టి చూశారు.

"ఇంకొంచెం పొంగనివ్వాల్సింది. ఉప్పు చాల్లేదు. అడుగు చూడు, తెల్లగా ఉంది," అన్నారు.

అత్తగారు ఆయన చేతిలోంచి ముక్క తీసుకుని, టీలో ముంచుకుని, నెమ్మదిగా మొత్తం తిన్నారు.

"చాలా బాగుంది," అన్నారు. "ఎవరో లేచి చేసి పెడితే దాని రుచే వేరురా."

బన్ను మాట్లాడకపోయేసరికి చూశాం. నానమ్మ భుజానికి ఆనుకుని, చేతిలో సగం తిన్న ముక్కతో నిద్రపోయింది. పిండి బస్తా మీద కూర్చునే రోజుల్లో కూడా అది ఆ వేళప్పుడు నిద్రపోవడం నేను చూడలేదు. పనిలో పడి మేమే గమనించలేదేమో. తెల్లవారింది. కిటికీలో నల్లటి ముద్ద మీద ఎండ పడింది. ఎవరం కదల్లేదు.

బాగా పొద్దెక్కాక అల్లుడుగారు కళ్ళు నులుముకుంటూ వచ్చి, గుమ్మంలో ఆగిపోయారు. కింద వరసగా కూర్చున్న మమ్మల్నీ, బన్నునీ మార్చి మార్చి చూశారు.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అన్నారు గొంతు తగ్గించి.

"శుభ్రంగా ఉంది," అన్నారు అత్తగారు. "నిద్రపోతోంది."

"ఈవేళప్పుడా?" ఆయన అక్కడే గడప మీద కూలబడ్డారు. "మా పెళ్ళైన దగ్గర్నుంచీ నేను లేచేసరికి ఈవిడ నిద్రలో ఉండటం ఒక్కరోజు చూడలేదు అత్తయ్యగారూ."

మా ఆయన ఓ బ్రెడ్డు ముక్క అల్లుడి చేతిలో పెట్టారు. అత్తగారి భుజం మొద్దుబారిపోయి ఉంటుంది. మార్చుకోమని సైగ చేశాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

ఊళ్ళో మా బట్టీ చల్లగా ఉంది. మాకెవరికీ లేవాల్సిన పని లేదు.